‘బెడ్ ఖాళీ లేదు’ అని ప్రభుత్వాసుపత్రి చెప్పొచ్చా? 1992 కోల్‌కతా కేసు నుంచి ఆయుష్మాన్ భారత్ దాకా చట్టం ఏం చెబుతోంది?

1992 జులై 8 రాత్రి 7.45 గంటలు. పశ్చిమ బెంగాల్‌లోని దక్షిణ 24 పరగణాల జిల్లా మథురాపూర్ స్టేషన్‌లో ఒక వ్యవసాయ కూలీ రైలు నుంచి కింద పడ్డారు. తలకు, మెదడుకు తీవ్ర గాయాలయ్యాయి. రక్తం కారుతోంది.

ముందు మథురాపూర్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లారు. అక్కడ వైద్యం చేసే సదుపాయాల్లేవు. డైమండ్ హార్బర్ సబ్ డివిజనల్ ఆసుపత్రికో, మరేదైనా ప్రభుత్వాసుపత్రికో తీసుకెళ్లమని డాక్టర్ రాసిచ్చారు.

రాత్రి 11.45కు కోల్‌కతాలోని ఎన్‌ఆర్‌ఎస్ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి చేరారు. ఎక్స్‌రే తీశారు. వెంటనే చేర్చుకోవాలని రాశారు. కానీ సర్జికల్ ఎమర్జెన్సీ వార్డులో బెడ్ లేదు. అర్ధరాత్రి దాటాక కలకత్తా మెడికల్ కాలేజీకి వెళ్తే అక్కడా బెడ్ లేదు. ఒంటిగంటకు శంభునాథ్ పండిత్ ఆసుపత్రి. న్యూరో ఎమర్జెన్సీ విభాగం లేదన్నారు. రెండు గంటలకు కలకత్తా నేషనల్ మెడికల్ కాలేజీ. మళ్లీ బెడ్ లేదు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రూ.1,310 కట్టి సీటీ స్కాన్ తీయించి, ఉదయం ఎనిమిదింటికి బంగూర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూరాలజీకి తీసుకెళ్లారు. మెదడు ముందు భాగంలో రక్తస్రావమైందని తేలింది. ఇలాంటి ఎమర్జెన్సీ కేసు తాము చూడలేమన్నారు. పదింటికి ఎస్‌ఎస్‌కేఎం ఆసుపత్రికి వెళ్లారు. న్యూరోసర్జరీ సదుపాయం లేదన్నారు.

పద్నాలుగు గంటల్లో ఏడు ప్రభుత్వ వైద్య సంస్థలు తిరిగారు. ఒక్కచోటా చేర్చుకోలేదు. చివరికి ఒక ప్రైవేటు ఆసుపత్రి చేర్చుకుంది. జులై 22 దాకా అక్కడే ఉన్నారు. సుమారు రూ.17,000 ఖర్చయింది. కూలి పనుల మీద బతికే మనిషికి 1992లో అది చిన్న మొత్తం కాదు.

ఆయన పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి అనే వ్యవసాయ కూలీల సంఘం సభ్యుడు. ఆ సంఘం, ఆయన కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. దేశంలో వైద్య హక్కు గురించి మాట్లాడే ప్రతి సందర్భంలోనూ ఇప్పటికీ ప్రస్తావనకు వచ్చే తీర్పు అలా వచ్చింది.

తీర్పులో ఏముంది?

జస్టిస్ ఎస్.సి. అగ్రవాల్, జస్టిస్ జి.టి. నానావతిల ధర్మాసనం 1996 మే 6న తీర్పు ఇచ్చింది. కోర్టు ముందున్న ప్రశ్న సూటిగా ఉంది. ప్రభుత్వాసుపత్రి అత్యవసర రోగిని చేర్చుకోకపోతే అది కేవలం నిర్వహణ లోపమా? లేక రాజ్యాంగ ఉల్లంఘనా?

రాజ్యాంగ ఉల్లంఘనేనని కోర్టు తేల్చింది. ప్రజల సంక్షేమం చూడటం ప్రభుత్వ ప్రథమ కర్తవ్యం. వైద్యం అందించడం అందులో తప్పనిసరి భాగం. ఆ పనిని ప్రభుత్వం తన ఆసుపత్రుల ద్వారా చేస్తుంది. కాబట్టి అవసరమైన మనిషికి సకాలంలో వైద్యం అందించకపోతే 21వ అధికరణ కింద ఆ మనిషికున్న జీవించే హక్కును ప్రభుత్వం ఉల్లంఘించినట్లేనని కోర్టు చెప్పింది. రూ.25,000 నష్టపరిహారం ఇవ్వాలని ఆదేశించింది.

సదుపాయాలు పెంచాలంటే డబ్బు కావాలన్నది నిజమేనని కోర్టు ఒప్పుకుంది. అయితే డబ్బు లేదనే కారణంతో రాజ్యాంగం పెట్టిన బాధ్యతను తప్పించుకోవడానికి వీల్లేదంది. పేద నిందితులకు ఉచిత న్యాయ సహాయం విషయంలో తాను గతంలో చెప్పిన మాట వైద్యానికీ వర్తిస్తుందని గుర్తుచేసింది.

ఈలోగా రాష్ట్ర ప్రభుత్వం జస్టిస్ లీలామయ్ ఘోష్ నేతృత్వంలో విచారణ కమిటీ వేసింది. ఎమర్జెన్సీకి వచ్చిన ప్రతి రోగి పేరు, వయసు, చిరునామా, జబ్బు, వచ్చిన సమయం, చేర్చుకున్నారా లేక ఎక్కడికి పంపారు అన్న వివరాలు రిజిస్టర్‌లో స్పష్టంగా రాయాలని కమిటీ సూచించింది. పరిస్థితి విషమంగా ఉంటే ట్రాలీ మీదైనా, తప్పనిసరైతే నేల మీదైనా ఉంచి వైద్యం చేయాలే తప్ప వెనక్కి పంపకూడదంది.

ఆ సిఫార్సులకు కోర్టు మరికొన్ని ఆదేశాలు జోడించింది. వాటి సారాంశం ఇది:

• ప్రాణం నిలబెట్టే ప్రాథమిక చికిత్స ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే అందాలి.
• తీవ్రమైన కేసులను చూడగలిగేలా జిల్లా, సబ్ డివిజన్ ఆసుపత్రుల స్థాయి పెంచాలి.
• స్పెషలిస్టు వైద్య సదుపాయాలు పెరుగుతున్న అవసరాలకు తగ్గట్టుగా విస్తరించాలి.
• ఏ ఆసుపత్రిలో బెడ్ ఖాళీగా ఉందో తెలిపే కేంద్రీకృత సమాచార వ్యవస్థ ఉండాలి. రోగిని నేరుగా అక్కడికే పంపాలి.
• రోగులను తరలించేందుకు అంబులెన్సులు ఉండాలి. వాటిలో పరికరాలు, సిబ్బంది కూడా ఉండాలి.
• ప్రమాదాలు, విపత్తులు, జబ్బులు ముసురుకునే కాలాల్లో పెరిగే రద్దీని తట్టుకునేలా ఆసుపత్రులు సిద్ధంగా ఉండాలి.

ఈ ఆదేశాలు బెంగాల్‌తో ఆగలేదు. మిగతా రాష్ట్రాలు కూడా ఇలాంటి చర్యలే తీసుకోవాలని కోర్టు చెప్పింది. కాబట్టి కర్నూలు, వరంగల్, శ్రీకాకుళం ఆసుపత్రులకూ ఇది వర్తిస్తుంది. పై జాబితాలో నాలుగో అంశాన్ని గుర్తుపెట్టుకోండి. చివర్లో మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

ప్రైవేటు ఆసుపత్రుల సంగతేంటి?

దీనికి జవాబు 1989లోనే వచ్చింది. కారు గుద్దడంతో గాయపడిన స్కూటరిస్టును దగ్గర్లోని ఆసుపత్రి ‘ఇది మెడికో లీగల్ కేసు’ అంటూ 20 కిలోమీటర్ల దూరంలోని మరో ఆసుపత్రికి పంపింది. దారిలోనే ఆయన చనిపోయారు. ఆ వార్త ఆధారంగా దాఖలైన పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989 ఆగస్టు 28న తీర్పు ఇచ్చింది. ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలని, పోలీసు లాంఛనాలు ఆ తర్వాతేనని చెప్పింది.

అత్యాచార, యాసిడ్ దాడి బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ ఉచితంగా తక్షణ చికిత్స చేయాలని భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 397వ సెక్షన్ చెబుతోంది. చేయకపోవడం నేరం. రోడ్డు ప్రమాద బాధితులకు తొలి ఏడు రోజుల్లో రూ.1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. మోటారు వాహనాల చట్టంలో ఉన్న ఈ బాధ్యతను నెరవేర్చాలని అంతకు కొన్ని నెలల ముందు సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించాల్సి వచ్చింది.

అయితే ఇవన్నీ విడివిడి చట్టాలు, విడివిడి తీర్పులు. ప్రతి రోగికీ, ప్రతి ఎమర్జెన్సీకీ వర్తించే ఒకే జాతీయ చట్టం లేదు.

రాజ్యాంగంలో వైద్యం ఎక్కడుంది?

ప్రాథమిక హక్కుల జాబితాలో ‘ఆరోగ్యం’ అనే మాట కనిపించదు. ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం ప్రభుత్వ విధి అని 47వ అధికరణ చెబుతుంది. కానీ అది ఆదేశిక సూత్రం. అది అమలు కాలేదని నేరుగా కోర్టుకు వెళ్లలేం. ఈ లోటును సుప్రీంకోర్టు 21వ అధికరణకు ఇచ్చిన విస్తృత అర్థంతో పూడ్చింది. అంటే మనకున్న వైద్య హక్కు పార్లమెంటు రాసిచ్చింది కాదు, కోర్టులు తీర్పుల్లో చెప్పింది.

అధికారాల పంపకం మరో చిక్కు. ప్రజారోగ్యం, ఆసుపత్రులు, డిస్పెన్సరీలు ఏడో షెడ్యూలులోని రాష్ట్రాల జాబితాలో ఆరో అంశం. వైద్య వృత్తి ఉమ్మడి జాబితాలో ఉంది. ఆసుపత్రిని నడిపేది రాష్ట్రం. ఎంబీబీఎస్ సీట్ల నిబంధనలు రాసేది కేంద్ర చట్టం కింద ఏర్పడిన జాతీయ వైద్య కమిషన్. డబ్బులో ఇద్దరికీ వాటా. ఎక్కడైనా తేడా వస్తే ఒకరు మరొకరి వైపు చూపించడానికి ఈ ఏర్పాటులో కావలసినంత వీలుంది.

ఆరోగ్యాన్ని ప్రాథమిక హక్కుగా ప్రకటించాలని, ఉమ్మడి జాబితాలోకి మార్చాలని 15వ ఆర్థిక సంఘం ఏర్పాటు చేసిన ఉన్నత స్థాయి బృందం సిఫార్సు చేసింది. మొదటి సూచనను హక్కుల ఉద్యమాలు స్వాగతిస్తాయి. రెండోది చాలా రాష్ట్రాలకు మింగుడుపడదు. ఆసుపత్రులకు జీతాలిచ్చేది తాము, నిర్ణయాలు తీసుకునేది దిల్లీనా అన్నది వాటి అభ్యంతరం.

హక్కుకు హద్దు ఉందా?

ఉంది. 1996 తీర్పు చదివి ఏ చికిత్సనైనా ప్రభుత్వం ఉచితంగా ఇచ్చి తీరాలని అనుకుంటే పొరపాటు. రెండేళ్లకే, 1998లో, రామ్ లుభాయా బగ్గా కేసులో సుప్రీంకోర్టు మరో కోణం చూపించింది. ఉద్యోగుల వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంట్‌పై పంజాబ్ ప్రభుత్వం పరిమితులు పెట్టడమే ఆ వివాదం. ఏ ప్రభుత్వం దగ్గరా అపరిమితమైన వనరులు ఉండవని, ఉన్నంతలో రేట్లు, పరిమితులు నిర్ణయించుకోవచ్చని కోర్టు చెప్పింది.

రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూస్తే గీత ఎక్కడుందో కొంతవరకు తెలుస్తుంది. ప్రాణాపాయంలో ఉన్న మనిషిని గుమ్మం నుంచి పంపడానికి డబ్బు లేకపోవడం సాకు కాదు. ఎక్కడ, ఏ స్థాయి చికిత్సకు ఎంత ఇవ్వాలన్నది మాత్రం ప్రభుత్వ విధానం. ఈ రెండింటి మధ్య క్యాన్సర్, డయాలసిస్, అరుదైన జబ్బుల వంటి పెద్ద ప్రాంతం ఉంది. అక్కడ ఫలితం కేసును బట్టి మారుతూ ఉంటుంది.

హక్కు చట్టం చేయాలన్న ఆలోచన కేంద్రానికీ కొత్త కాదు. 2009లో జాతీయ ఆరోగ్య బిల్లు ముసాయిదా వచ్చింది, చట్టం కాలేదు. 2017 జాతీయ ఆరోగ్య విధానం ఈ ప్రశ్నను నేరుగా చర్చించి, హక్కు కాకుండా ‘హామీ’ దారినే ఎంచుకుంది. డాక్టర్లు, బెడ్లు కనీస స్థాయికి చేరకుండా హక్కు ఇవ్వలేమన్నది దాని వాదన. విమర్శకులు ఇదే వాదనను తిరగేస్తారు. హక్కు లేకపోతే ఆ కనీస స్థాయికి చేర్చాల్సిన ఒత్తిడి ఎవరి మీద ఉంటుందని అడుగుతారు. ప్రభుత్వ ఆరోగ్య వ్యయాన్ని 2025 నాటికి జీడీపీలో 2.5 శాతానికి చేర్చాలని అదే విధానం లక్ష్యంగా పెట్టుకుంది. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో, కోవిడ్ ఖర్చులున్న ఏడాదిలో కూడా, అది 1.84 శాతమే.

రాష్ట్రాల్లో రాజస్థాన్ ముందడుగు వేసింది. 2023 మార్చి 21న ఆ రాష్ట్ర శాసనసభ ఆరోగ్య హక్కు బిల్లును ఆమోదించింది. అత్యవసర వైద్యానికి ముందుగా డబ్బు అడగకూడదన్న నిబంధనపై ప్రైవేటు డాక్టర్లు సమ్మెకు దిగారు. రోగి చెల్లించలేకపోతే ప్రభుత్వం చెల్లిస్తుందన్న హామీ సకాలంలో నెరవేరుతుందా అన్నది వారి ప్రధాన అనుమానాల్లో ఒకటి. ఆరోగ్యశ్రీ బకాయిల వార్తలు తరచూ చదివే తెలుగువారికి ఈ అనుమానం కొత్తగా అనిపించదు.

బీమా కార్డు ఉంటే సరిపోదా?

గత రెండు దశాబ్దాల్లో ప్రభుత్వాలు ఎక్కువగా నమ్ముకున్నది బీమా తరహా పథకాలనే. దీనికి దారి చూపిన వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. పశ్చిమ బెంగాల్ 2016 డిసెంబరులో ‘స్వాస్థ్య సాథి’ తెచ్చింది. కార్డు ఇంటి పెద్ద మహిళ పేరు మీద ఇస్తారు. కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల దాకా వర్తిస్తుంది. 2020 చివర్లో దాన్ని రాష్ట్రంలోని దాదాపు అన్ని కుటుంబాలకూ విస్తరించారు.

కేంద్రం 2018 సెప్టెంబరు 23న రాంచీలో ఆయుష్మాన్ భారత్ పీఎం-జేఏవై ప్రారంభించింది. ఇదీ రూ.5 లక్షలదే. ఖర్చులో చాలా రాష్ట్రాలకు కేంద్రం 60 శాతం ఇస్తే, రాష్ట్రం 40 శాతం పెట్టుకోవాలి. 2019 జనవరిలో బెంగాల్ ఇందులోంచి తప్పుకుంది. 40 శాతం తాము భరిస్తుంటే లబ్ధిదారులకు ప్రధాని ఫొటోతో లేఖలు పంపి పేరంతా కేంద్రం తీసుకుంటోందని ముఖ్యమంత్రి మమతా బెనర్జీ అభ్యంతరం చెప్పారు. తెలంగాణ కూడా మొదట బయటే ఉండి 2021లో చేరింది.

రాష్ట్రం చేరకపోతే కేంద్రం ఆ పథకాన్ని అక్కడ బలవంతంగా నడపలేదు. ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలో ఉండటం వల్ల వచ్చే ఫలితం ఇది. నష్టం ఎక్కువగా రాష్ట్రాల సరిహద్దులు దాటే రోగులకే. వైద్యం కోసం బెంగాల్ నుంచి పెద్ద సంఖ్యలో రోగులు వెల్లూరు, హైదరాబాద్, చెన్నై, బెంగళూరు వెళ్తారు. పీఎం-జేఏవై కార్డు దేశంలో ఆ పథకంలో నమోదైన ఏ ఆసుపత్రిలోనైనా చెల్లుతుంది. రాష్ట్ర పథకం కార్డుకు ఆ హామీ ఉండదు. ఆ రాష్ట్రం ఏ ఆసుపత్రితో ఒప్పందం చేసుకుంటే అక్కడే చెల్లుతుంది.

ఇటు నుంచి అటు వెళ్లినవారిదీ అదే సమస్య. ఖరగ్‌పూర్ రైల్వే బస్తీల్లో, కోల్‌కతాలో తరతరాలుగా తెలుగు కుటుంబాలున్నాయి. రైల్వేలో ఉద్యోగముంటే రైల్వే ఆసుపత్రి ఉంటుంది. ఉద్యోగం లేని బంధువుకో, కొత్తగా వలస వెళ్లిన కూలీకో ఆ ఆసరా లేదు. ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరులో ఆరోగ్యశ్రీని హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలకు విస్తరించింది. ఆ మూడింటిలో కోల్‌కతా లేదు.

బీమా విధానానికి ఫలితాలు లేవని కాదు. మొత్తం ఆరోగ్య వ్యయంలో జనం జేబులోంచి పెట్టే ఖర్చు 2013-14లో 64.2 శాతం ఉంటే, 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని అధికారిక లెక్కలు చెబుతున్నాయి. కానీ కార్డు బిల్లు కడుతుంది, అంతే. బెడ్‌ను, రాత్రి రెండింటికి డ్యూటీలో ఉండే న్యూరోసర్జన్‌ను అది పుట్టించలేదు. 1992లో ఆ కూలీ దగ్గర కార్డు ఉన్నా, ఆ రాత్రి ఆయనకు ముందు కావాల్సింది ఎక్కడ ఖాళీ ఉందో చెప్పే మనిషి.

అన్యాయం జరిగితే ఎక్కడికి వెళ్లాలి?

ఇక్కడ చాలామంది పొరబడతారు. 1995 నవంబరు 13న ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. అయితే అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులను అందులోంచి మినహాయించింది. రోగి తరఫున బీమా సంస్థ చెల్లిస్తే మాత్రం అది డబ్బు తీసుకుని చేసిన సేవ కిందికే వస్తుంది.

అందువల్ల దారులు వేరవుతాయి. డబ్బు తీసుకున్న ఆసుపత్రి నిర్లక్ష్యం చేస్తే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. కోల్‌కతా కేసే దీనికి పెద్ద ఉదాహరణ. 1998లో భార్యను కోల్పోయిన ప్రవాస భారతీయ వైద్యుడు కునాల్ సాహా పదిహేనేళ్లు పోరాడారు. 2013 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ఆయనకు దాదాపు రూ.6 కోట్లు, దానిపై వడ్డీ ఇవ్వాలని ఆదేశించింది. వైద్య నిర్లక్ష్యం కేసుల్లో అంత పెద్ద పరిహారం దేశంలో అప్పటిదాకా లేదు. అయితే ఆ పదిహేనేళ్లూ, ఆ ఖర్చూ ఎంతమంది భరించగలరన్నది వేరే ప్రశ్న.

ఉచిత వైద్యం చేసే ప్రభుత్వాసుపత్రి చేర్చుకోకపోతే 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేయాలి. ఖేత్ మజ్దూర్ సమితి తీర్పు ఉపయోగపడేది అక్కడే. ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు, దోపిడీపై ఫిర్యాదుల కోసం బెంగాల్ 2017లో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం చేసి, ప్రత్యేక రెగ్యులేటరీ కమిషన్‌ను ఏర్పాటు చేసింది. బకాయి ఉందని మృతదేహాన్ని ఆపకూడదన్నది ఆ చట్టం తెచ్చినప్పుడు ఎక్కువగా ప్రచారమైన నిబంధన. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్, నియంత్రణకు 2002లోనే చట్టం వచ్చింది.

ఏ దారిలో వెళ్లినా కాగితమే సాక్ష్యం. ‘వేరేచోటికి తీసుకెళ్లండి’ అని నోటిమాటగా చెబితే ఓపీ చీటీ మీద రాసివ్వమని అడగండి. ఏ సమయానికి వచ్చారు, ఎవరు చూశారు, ఎందుకు పంపుతున్నారు అన్నవి అందులో ఉండాలి. ఇలా రాసి ఉంచాలన్నది రోగి బతిమాలుకుని అడిగేది కాదు. ఘోష్ కమిటీ సిఫార్సుల్లో, సుప్రీంకోర్టు తీర్పులో ఉన్నదే.

28 ఏళ్ల తర్వాత అదే డిమాండ్

2024 ఆగస్టు 9న కోల్‌కతాలోని ఆర్‌జీ కర్ మెడికల్ కాలేజీలో డ్యూటీలో ఉన్న ట్రైనీ డాక్టర్‌పై అత్యాచారం, హత్య జరిగింది. సుప్రీంకోర్టు కేసును తనంతట తానుగా చేపట్టి, డాక్టర్ల భద్రతపై జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. బెంగాల్ జూనియర్ డాక్టర్లు విధులు బహిష్కరించారు. అక్టోబరు 5 నుంచి ధర్మతలాలో నిరాహార దీక్షకు కూర్చున్నారు.

వారి పది డిమాండ్లలో బాధితురాలికి న్యాయం, భద్రత ఉన్నాయి. వాటితోపాటు మరో రెండు ఉన్నాయి. ఒకటి, రాష్ట్రవ్యాప్తంగా కేంద్రీకృత రిఫరల్ వ్యవస్థ. రెండోది, ఏ ఆసుపత్రిలో ఎన్ని బెడ్లు ఖాళీగా ఉన్నాయో చూపే డిజిటల్ బోర్డులు.

1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన నాలుగో ఆదేశం ఇదే. 28 ఏళ్ల తర్వాత దాన్ని ఈసారి రోగులు కాదు, డాక్టర్లు అడిగారు. దానికి కారణం ఉంది. బెడ్ లేదని చెప్పాల్సి వచ్చేది ఎమర్జెన్సీ గుమ్మంలో నిలబడిన జూనియర్ డాక్టరే. నాలుగు ఆసుపత్రులు తిరిగి వచ్చిన కుటుంబం కోపమంతా మొదట పడేది వారి మీదే. బెడ్ల సమాచారం లేకపోవడం రోగి ప్రాణానికే కాదు, డాక్టర్ భద్రతకూ ముప్పేనన్నది వారి వాదన. ఆ అక్టోబరులోనే రిఫరల్ వ్యవస్థను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, రాష్ట్రమంతటికీ విస్తరిస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

తెలుగు రాష్ట్రాల వారు దీన్ని దూరపు సంగతిగా చూడనక్కర్లేదు. 2005లో హైదరాబాద్‌లో పుట్టిన 108 సర్వీసు తర్వాత చాలా రాష్ట్రాలకు వెళ్లింది. ప్రమాదం జరిగిన చోటికి అంబులెన్స్ రావడం ఇక్కడ మామూలు విషయమైపోయింది. 1996 నాటి ఆదేశాల్లో అంబులెన్సుల గురించి చెప్పింది చాలావరకు అలా నెరవేరింది. మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఆ అంబులెన్స్ డ్రైవర్‌కు ఏ ఆసుపత్రిలో బెడ్ ఉందో ముందే తెలుసా? మీ జిల్లాలో దీనికి జవాబు ‘తెలియదు’ అయితే, సుప్రీంకోర్టు ఆదేశం అక్కడ ఇంకా అమలు కానట్లే.